రబ్బరు కలిపిన గోడ

ఆ మలుపే ఆమెకు అన్నం పెడుతోందని అందరూ అనేవారు. అబద్ధమేమీ కాదు. ఇళ్లకీ బజారుకీ మధ్య ఉన్నది ఆ ఒక్క దారే. వారానికో బండి అక్కడి కాంక్రీటు గోడను గుద్దుకునేది. దాన్ని గొలుసులేసి ఈడ్చుకొచ్చి, సొట్టలు తీసి, రంగేసి పంపడం గ్యారేజీ నడిపే ఆమె పని.

అందుకే రోడ్ల ఇంజనీరు నీళ్లు నములుతూ వచ్చాడు. పాత టైర్లను పొడి చేసి, కాంక్రీటులో కలిపి కొత్త గోడ కడతామన్నాడు. దెబ్బను కొంత గోడే తీసుకుంటుందట. బండ్లకీ మనుషులకీ అంత నష్టం ఉండదట. కాకపోతే టైర్లు కావాలి.

"పెరట్లో ఉన్నవన్నీ పట్టుకెళ్లండి" అందామె, చేతిలో స్పానరు కింద పెట్టకుండానే.

ఇంజనీరు బిత్తరపోయాడు. ఇంత నమ్మకం ఎలా కుదిరిందని తనే అడిగాడు.

"రెండుసార్లు కూలాక మా గేటు స్తంభానికి టైర్లు కట్టాం, చూశారుగా. అప్పట్నుంచి స్తంభమూ నిలిచింది, బంపర్లూ మిగిలాయి."

సాయంత్రం కూరగాయల సంచితో బస్సు దిగిన భర్త, ఖాళీ పెరడు చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"నోటికాడ కూడు మనమే తీసేసుకుంటామా? ఇక మన గడప ఎవడు తొక్కుతాడే?"

"పంక్చర్లు వేసుకుందాం లెండి."

పుణ్యం పిచ్చి పట్టిందని సణుక్కుంటూ ఆయన వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించాడు.

గోడ కడుతున్నన్నాళ్లూ ఆమె పని మానుకుని మరీ వెళ్లి అక్కడే నిలబడేది. ఇంకాస్త రబ్బరు వేయకూడదా అని అడిగేది. ఎక్కువైతే గోడ బలం తగ్గుతుందని ఇంజనీరు ఓపిగ్గా చెప్పేవాడు.

"నాకవన్నీ తెలీవు బాబూ. బండి ఆగాలి, మనిషి మిగలాలి. అంతే."

గోడ గట్టిపడ్డాక పరీక్ష పెట్టారు. ఒక పాత కారు డ్రైవరు సీట్లో పుచ్చకాయను బెల్టుతో కట్టి, వాలు మీంచి వదిలారు. కారు ముక్కు నొక్కుకుపోయింది. పుచ్చకాయ పగల్లేదు. ఇంజనీరు చప్పట్లు కొట్టాడు. ఆమె మాత్రం పుచ్చకాయను చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, తట్టి చూసి, ఇంటిదారి పట్టింది.

ఇంటికి రాగానే, భర్త కారుతో గుద్ది గేటు స్తంభాన్ని రెండోసారి కూల్చిన రోజున తను స్పానర్ల పెట్టె అడుగున దాచేసి, పోయిందని చెప్పిన కారు తాళం తీసి, ఆయన చేతిలో పెట్టింది.