పెట్టుడు మందు

చెత్తబుట్టలో చెయ్యి పెట్టి దొరికిపోయింది పెంటమ్మ.

"మా బుట్టల ఏం దేవులాడుతున్నవ్?" గుమ్మంలోంచే అరిచింది సౌందర్య.

పెంటమ్మ గబుక్కున గుప్పిట మూసింది. "ఏం లేదు బిడ్డా."

ఏం లేకపోతే గుప్పిట ఎందుకు మూయాలి?

వెనక గదిలోకి ఆమె కిరాయికి దిగి నెల కాలేదు. ఒంటరి ముసలమ్మ. ఊరు తుంగతుర్తి అని చెప్పింది గానీ, ఆ ఊరొదిలి సూర్యాపేటకు ఎందుకొచ్చిందో ఎంత అడిగినా చెప్పలేదు.

సౌందర్యకు ఎనిమిది నెలలుగా ఒళ్లంతా దద్దుర్లు. కోదాడలో సూది వేయించుకుంటే రెండు రోజులు తగ్గాయి. మిర్యాలగూడలో ఎవరో చెప్పారని వంకాయ, గుడ్డు, చేప అన్నీ మానేసింది. దద్దుర్లు మాత్రం మానలేదు.

అదంతా ఒక ఎత్తు. పెంటమ్మ చేసిచ్చిన సర్వపిండి తిన్న రోజు సాయంత్రమే మూతి బూరెలా ఉబ్బడం ఇంకో ఎత్తు.

"ముసల్ది నీకు మందు పెట్టింది," అని తేల్చేశాడు భర్త నరేందర్.

జబ్బు తగ్గించే మందు కాదు. తిండిలో కలిపి మనిషిని పాడుచేసే మందు.

ఆ తర్వాత మూతి మరో రెండుసార్లు ఉబ్బేసరికి, ఇక ముసలమ్మ తుమ్మినా అనుమానమే. పైగా ఎదురుపడినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "ఇయ్యాల ఏం తిన్నవ్ బిడ్డా? ఏం గోలి ఏసుకున్నవ్?"

పెట్టిన మందు పనిచేసిందో లేదో చూసుకోవడానికి కాకపోతే ఈమెకెందుకట?

నరేందర్ వచ్చి గుప్పిట విప్పించాడు. సౌందర్య నడుం నొప్పికి వేసుకునే గోలీల ఖాళీ అట్ట!

"దీంతోటి ఏం చేతబడి చేస్తవే?"

"చేతబడి కాదు కొడుకా. గీ గోలి ఏసుకున్న నాడే పిల్ల మూతి వాస్తుంది. యాది పెట్టుకొని సూస్తున్న. గివి బంజేయించి, జర పెద్ద డాక్టరుకు సూపియ్యి."

"మా ఇంటి సంగతి నీకెందుకు? ఇయ్యాలనే అర్ర ఖాళీ చెయ్!"

పెంటమ్మ వెనక గదిలోకి వెళ్లింది. సంచి సర్దుకుంది. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"నాలుక వాస్తే మాత్రం ఆగకున్రి. దవాఖానకు ఉరుకున్రి."

"సూసినవా, శాపం పెట్టి పోతుంది," అన్నాడు నరేందర్.

ఐదో రోజు మధ్యాహ్నం, నడుం లాగుతోందని గోలి వేసుకుని కుట్టుమిషన్ ముందు కూర్చుంది సౌందర్య. కాసేపటికే నాలుక మొద్దుబారి ఉబ్బింది. ఊపిరి అందడం లేదు.

నరేందర్‌కు ముసలమ్మ శాపమే గుర్తొచ్చింది. ఆగకుండా ఆటోలో దవాఖానకు ఉరికాడు.

డాక్టర్ శ్రీలత సూదులు వేసి, ఆక్సిజన్ పెట్టి గండం గట్టెక్కించింది. "ఇంకొంచెం ఆగితే మనిషి దక్కకపోతుండె," అంది.

"ఎవరో మందు పెట్టిన్రు మేడమ్," అన్నాడు నరేందర్.

"ఎవరూ పెట్టలే. ఈ దద్దుర్లు ఎందుకొస్తయో చాలామందిల కారణం దొరకదు. ఈమెకు నొప్పి గోలీలు పడతలేవు. ఇగ వాటిని ముట్టొద్దు. నేను రాసిన గోలి, దద్దుర్లు లేని నాడు కూడా ఏసుకోవాలె. నెలలు పట్టినా పరేషాన్ కావొద్దు. నాలుక, గొంతు వాస్తే మాత్రం వెంటనే రావాలె."

నరేందర్ సిగ్గుతో తలెత్తలేకపోయాడు. ఇవే మాటలు చెప్పినందుకు కదా ఒక మనిషిని గేటు బయటికి పంపింది!

మర్నాడే తుంగతుర్తి బస్సెక్కాడు. కాళ్లు పట్టుకునైనా పెంటమ్మను వెంటబెట్టుకు రావాలి.

బస్సు దిగగానే కనిపించిన హోటల్లో ఆమె ఇల్లెక్కడని అడిగాడు. ఛాయ్ పోస్తున్న వెంకన్న మొహం చిట్లించాడు.

"ఆ మందు పెట్టే ముసల్దా? కాళ్లు గుంజుతున్నయని గోలి ఏసుకొని పండుకున్న దాని కోడలు గంటల్నే గొంతు వాచి సచ్చిపాయె, ఈమెనే మందు పెట్టిందని ఊరంత ఒక్కటై ఎల్లగొట్టినం."