కిష్టమ్మగారి ఇంటర్వ్యూ

"కూర్చోమ్మా. మీ పక్కింటి నాగేశ్వరమ్మ చెప్పిందని పిలిచిన. లేకుంటే నా లిస్టు ఎప్పుడో నిండింది," అంది కిష్టమ్మగారు.

కెజియా కుర్చీ అంచున కూర్చుంది. చర్చి నుంచి నేరుగా గచ్చిబౌలి వచ్చేసింది పాపం, కాఫీ కూడా తాగలేదు. గాజు తలుపు అవతల ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వాళ్ల వంతు కోసం చూస్తున్నారు. వాళ్ల దర్జా చూసేసరికే ఆమెకు సగం ప్రాణం పోయింది. ఇక్కడ కాదన్నారో, ఇక ఉద్యోగం మాట మర్చిపోవాల్సిందే. గుడ్లవల్లేరు పక్క పల్లెలో మిషన్ కుట్టి ఇంజినీరింగ్ చదివించిన అమ్మకు ఏం మొహం చూపించాలి?

"పాప పుట్టినంక ఎన్ని నెలలు ఇంట్ల ఉన్నరు?"

"ఎనిమిదండి."

"మీ ఆయన సాయం చేస్తడా?"

"చేస్తారండి. అంటే... చెబితే చేస్తారు."

కిష్టమ్మగారు నవ్వాపుకుంది.

"సాయంత్రం లేటయితే?"

"ముందే ఫోన్ చేసి చెప్తానండి."

"మరి కోపం? పని మీద పడితే కింది మనుషుల మీద అరుస్తరా?"

ఈ ప్రశ్నకు కెజియా అద్దం ముందు ఎంత చక్కటి జవాబు బట్టీ పట్టిందో! ఆ పెద్దావిడ సూటిగా చూసేసరికి ఒక్క ముక్క గుర్తుకొస్తే ఒట్టు.

"అరుస్తానండి. రెండుసార్లు అరిచాను. తర్వాత ఏడుపొచ్చేసి, నేనే వెళ్లి సారీ చెప్పాను."

కొంప మునిగింది అనుకుంది.

కిష్టమ్మగారు పకపకా నవ్వింది. "పొద్దటి సంది నలుగురొచ్చిన్రు. ఒక్కదానికీ కోపమే రాదంట! నిజం చెప్పింది నువ్వే బిడ్డా."

కెజియా నమ్మలేనట్టు తలెత్తింది.

"ఇరవయ్యేండ్ల కింద నేను గూడ కోస్గి నుంచి చంటిపిల్లను చంకనేసుకొని లింగంపల్లిల దిగిన. పనడిగితే, పిల్ల ఉంది వద్దుపో అన్నరు. గా బాధ నాకెర్క."

"అయితే... నన్ను ఒప్పుకున్నట్టేనా అండి?" కెజియా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇగ ఫికర్ చెయ్యకు," అని కిష్టమ్మగారు లేచి ఆమె తల నిమిరింది.

"రేపు పొద్దుగాల పాపకు నీళ్లు పోయకు, నేనొచ్చి పోస్త. నువ్వు నిమ్మలంగ ఆఫీసుకు పో, పాపను నేను చూస్కుంట."