కోడలికి తెలియకుండా

ఆ అప్పు చేసిన తేదీ మాస్టారికి ఇప్పటికీ గుర్తే. ఆగస్టు పదకొండు. ఆ మధ్యాహ్నం ఆస్పత్రి క్యాంటీన్‌లో ఆయనా, భార్యా ఒకే బన్ను తుంచుకుని టీలో ముంచుకు తిన్నారు. పెద్ద ముక్క ఆవిడే ఆయన చేతిలో పెట్టింది. తర్వాత ఆవిడా లేదు, అప్పు సంగతి పట్టించుకునే ఓపికా ఆయనకు లేకపోయింది.

ఇన్నేళ్లకు అది ఆయన క్రెడిట్ రిపోర్టులో తేలింది. వచ్చే నెల కొడుకుతో, కోడలితో కలిసి ఇంటి లోనుకు సంతకం పెట్టాలి. కొడుకుతో పేచీ లేదు. కోడలే, మామగారు లెక్కల మాస్టారు కదా, పైసా కూడా లెక్క తప్పరని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటుంది.

అందుకే ఆమె గది తలుపు వేసుకుని ఆఫీసు పనిలో పడేదాకా ఆగారు. మాట వినబడుతుందని ఫోన్ చేయలేదు. ముందు గదిలో కూర్చుని, బాకీలు వసూలు చేసే కంపెనీకి ఒంటి వేలితో మెసేజులు కొట్టసాగారు.

“అసలు ఇవాళే కడతాను నాయనా. వడ్డీ వదిలెయ్యండి. రిపోర్టులో ఆ బాకీ కనబడకూడదు.”

“వడ్డీలో సగమైనా కట్టాలి సార్.”

“వడ్డీ అసలును మించిపోయిందయ్యా! నా క్లాసులో ఇలాంటి లెక్క చేస్తే గోడకుర్చీ వేయించేవాణ్ణి.”

“అంత తొందరేంటి సార్?”

“మా కోడలికి తెలిసేలోపు తేలిపోవాలి.”

“కోడలుగారంటే అంత భయమా?”

“భయం కాదు. నా మీద ఆ పిల్లకున్న గురి పోతుందని.”

జవాబు కోసం చూస్తూ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ తుడుచుకున్నారు.

“మా పైవాళ్లను ఒప్పించాను సార్. వడ్డీ మాఫీ. అసలు కట్టగానే రిపోర్టులోంచి తీయించేస్తాం. ఆ మాట రాసి మెయిల్లో పంపిస్తున్నా.”

“చల్లగా ఉండు నాయనా!”

“ఇంతకీ కోడలుగారు మంచివారేనా సార్?”

“బంగారం. కూరలో ఉప్పే రవ్వంత ఎక్కువేస్తుంది. ఇది మీ రికార్డులో ఎక్కించేవు!”

డబ్బు కట్టేశారు. గుండెల మీది కుంపటి దించుకున్నట్టయింది. రాత్రి కూర చప్పగా ఉన్నా, ఆ సంబరంలో అడిగి మరీ మారు వేయించుకున్నారు.

ఆయన పడుకున్నాక కోడలు వచ్చి, మంచం పక్కన మంచినీళ్లు పెట్టి, లైటు ఆర్పి, “ఉప్పు సంగతి రికార్డులో ఎక్కించలేదులెండి మామయ్యగారూ” అంటూ తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.