ఇద్దరు పట్టే టేబుల్

"ఇప్పుడు మార్చడం కష్టమండీ. టికెట్టు తీసుకున్న రోజే అడిగాంగా, ఫిక్స్‌డా ఫ్లెక్సిబులా అని."

డైనింగ్ హాలు తలుపు పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చునే ఆయనకి ఒకటే పని. ఎవరు ఎన్నింటికి, ఎక్కడ కూర్చుని తినాలో చూడటం. ఓడలో సిబ్బందంతా ఆయన్ని టేబుళ్ళాయన అంటారు. ఫిక్స్‌డ్ అంటే ఏడు రాత్రులూ అదే టైము, అదే టేబులు, అవే మొహాలు. ఫ్లెక్సిబుల్ అంటే ఎప్పుడొచ్చినా పర్లేదు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే.

బల్లకి అవతల నిలబడ్డ ఆమెకి నలభై ఉంటాయేమో. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడ్డ పెద్దాయనకి డెబ్బై అయిదు పైమాటే.

"అవునండీ, ఫిక్స్‌డ్ అన్నది నేనే. తప్పయిపోయింది," అంది ఆమె.

"ఎందుకే మార్చడం?" అన్నాడు పెద్దాయన. "మనం అప్పుడొచ్చినప్పుడూ ఆరున్నరకే కదా, కిటికీ పక్కన. నువ్వు సూపంతా ఒళ్ళో ఒలకబోసుకుని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావ్."

ఆమె ఆయన చెయ్యి నిమిరింది.

"మీరు ఊరందరికీ చెప్పేశారుగా."

పెద్దాయన పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఆమె ఆయన్ని నాలుగడుగుల అవతల సోఫాలో కూర్చోబెట్టి, కోటు గుండీ పెట్టింది.

"ఇక్కడే ఉంటానండీ. కదలకండి."

"నన్నొదిలేసి ఎటూ పోవుగా?"

"ఎక్కడికి పోతాను? చుట్టూ నీళ్ళే."

పక్కన నాప్కిన్లు మడతపెడుతున్న వడ్డన అమ్మాయి టేబుళ్ళాయన వైపు వంగింది. "పద్నాలుగో టేబులు గొడవ చెప్పాగా సార్, వీళ్ళదే. రెండో పెళ్ళి అయ్యుంటుంది."

గొంతు తగ్గించే అంది, కానీ ఆమెకి వినబడింది. విననట్టే వచ్చి బల్ల ముందు నిలబడింది.

"నిన్న ఏమైందో మీకు తెలిసే ఉంటుంది," అంది.

"వయసు తేడాలు మేం పట్టించుకోమండీ. ఇక్కడ చూడని జంటల్లేవు." టేబుళ్ళాయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "ఎవరో నోరు జారారట."

"ఎదురుగా కూర్చున్నావిడ, 'మీ అమ్మాయా అండీ' అని అడిగింది. మామూలుగానే అడిగింది పాపం. ఈయన ప్లేటు తోసేసి లేచిపోయారు. నేను వెనకాల పరిగెత్తేలోపల లిఫ్టు తలుపులు మూసుకుపోయాయి. గంటన్నర వెతికాను. పైడెక్కు మీద రెయిలింగ్ పట్టుకుని, ఒక కాలు కింది కమ్మీ మీద పెట్టి నిలబడున్నారు."

వడ్డన అమ్మాయి చేతిలో మడత ఆగిపోయింది.

"ఇవాళ మళ్ళీ వాళ్ళెదుటే కూర్చోబెట్టలేనండీ. వాళ్ళు జాలిగా చూస్తారు. జాలి ఆయనకి ఇట్టే తెలిసిపోతుంది, మిగతావేం తెలిసినా తెలియకపోయినా."

"పోనీ ఫ్లెక్సిబుల్‌కి మారుస్తాననుకోండి," టేబుళ్ళాయన గొంతు కాస్త మెత్తబడింది. "రోజుకో కొత్త టేబులు. రోజూ ఎవరో ఒకరు అదే ప్రశ్న వేస్తారు. పైగా క్యూలో అరగంట నిలబడాలి."

"నిలబడలేరు. ఎందుకు నిలబడ్డామని అడుగుతారు, చెప్తే మళ్ళీ అడుగుతారు, తర్వాత వెళ్ళిపోతారు." ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేనే తీసుకొచ్చాను. పోయినసారిలా ఓడెక్కుదామే అని ఏడాదిగా ఒకటే పోరు. కనీసం ఈ వారమైనా నవ్వుతూ తింటారనుకున్నాను."

"గదికే పంపిస్తే?"

"గదిలో తింటే ఓడలో ఉన్నట్టు నమ్మరండీ. ఆసుపత్రిలో పెట్టానంటారు. మొన్న ట్రే చూసి, ఏడుస్తూ, నన్నెందుకు ఇక్కడ వదిలేశావే అన్నారు."

సోఫాలోంచి పెద్దాయన చెయ్యి ఊపాడు. ఆమె వెంటనే మొహం మార్చుకుని తనూ ఊపింది. చెయ్యి దించేసరికి ఆ నవ్వు లేదు.

టేబుళ్ళాయన హాలు పటం బల్ల మీద పరిచి, ఒక మూల వేలు పెట్టాడు.

"స్తంభం వెనక ఒకటుంది. ఇద్దరు పట్టే టేబులు. వంటింటి తలుపు పక్కనే, గిన్నెల చప్పుడు. కిటికీ లేదు. ఎవరూ కావాలనరు కాబట్టి ఎవరికీ ఇవ్వం. ఆరున్నరకి, మిగిలిన రాత్రులన్నీ మీకే రాసేస్తాను. మూడో మనిషి ఉండడు."

"కిటికీ లేదని అడుగుతారు," అంది ఆమె. తర్వాత తనే, "ఏదో చెప్తాలెండి. అబద్ధాలు అలవాటైపోయాయి," అంది.

"వడ్డించేది నేనే అక్కా," అంది వడ్డన అమ్మాయి మెల్లిగా. "నేనేం అడగను."

ఆమె తలూపింది.

"ఒక్క కాగితం," అన్నాడు టేబుళ్ళాయన. "ఓడ కదిలాక టేబులు మార్చాలంటే మా డైనింగ్ హెడ్ సంతకం కావాలి. కారణం మీ చేత్తో రాసివ్వాలి."

"రాయాల్సిందేనా?"

"రాయకపోతే ఇవాళ మళ్ళీ పద్నాలుగే."

ఆమె పెన్ను తీసుకుంది. ఒకసారి సోఫా వైపు చూసింది. కాగితం మీదికి వంగింది, లేచింది, మళ్ళీ వంగి ఒక్క లైను రాసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది.

"నేను వెళ్ళాక చూడండి."

వెళ్ళి పెద్దాయన్ని లేపింది. "పదండి, ఆరున్నరకి రెడీ అవ్వాలి."

"సూప్ జాగ్రత్తే," అన్నాడాయన, ఆమె భుజం మీద చెయ్యేసి.

"అలాగేనండీ."

వాళ్ళు కారిడార్ మలుపు తిరిగేదాకా ఆగి, టేబుళ్ళాయన మడతలు విప్పాడు.

'మా నాన్న నన్ను అమ్మ అనుకుంటున్నారు.'