చిన్న బల్ల అలవాటు

"లేరా ఓగ్నెన్, ఇవాళ మీ అమ్మ పోయి నలభయ్యో రోజు. సమాధి దగ్గర ఫాదర్ కాచుకున్నాడు."

కొడుకు కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. "పేకాట పెద్ద పోటీ నాన్నా, వందల బల్లలు. లేస్తే పోతుంది."

కోడలు దుషాంకా సమాధి దగ్గర పంచే ఉడికిన గోధుమల పళ్ళెంతో గుమ్మంలో నిలబడింది. "ఆడితే కదా మామయ్యా! వచ్చిన ముక్కలన్నీ పడేస్తున్నాడు. ఒకే బల్ల పోటీలో ముడుచుకు కూర్చుంటే చెల్లుతుంది. ఇందులో కలబడకపోతే ప్రతి ఆటకీ తప్పక కట్టే పందెమే ఉన్నదంతా తినేస్తుంది."

"నోర్ముయ్యవే! పక్కవాళ్ళు ఓడేదాకా కదలకుండా కూర్చుంటే మన వాటా మనకొస్తుంది" అన్నాడు ఓగ్నెన్.

వాళ్ళమ్మ మంచం పక్కనా ఆ చివరి నెలంతా ఇలాగే కూర్చున్నాడు. ప్రేమ అనుకున్నాను.

పళ్ళెం నేనే అందుకున్నాను.

"కూర్చోరా, నీ వాటా రావాలంటే ఇంట్లో ఇంకా నేనొకణ్ణి మిగిలే ఉన్నాను."