ఆరు పాటల్లో నీవు

2024 జూలై 13, శనివారం. పొద్దుటి నుంచి ముసురు. గిటారుకు కొత్త స్ట్రింగ్స్ వేశాను.

నిడదవోలు స్టూడియోలో నా సాఫ్ట్ రాక్ ఆల్బమ్ పూర్తయింది. ఆరు పాటలూ నేనే రాసి, నేనే పాడాను. ఆరూ నా భార్య సంపూర్ణ మీదే. ఇరవై రెండేళ్లుగా నోటితో చెప్పలేనిదంతా ‘నీవు’ అని పిలిచి పాటల్లో చెప్పుకున్నాను. వినిపిద్దామని ఈరోజు ఆమెను వెంట తీసుకెళ్లాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుంది. మూడో పాటకే కన్నీళ్లు కారాయి. ఇన్నాళ్లకు తెలిసిందనుకున్నాను.

అన్నీ విని, పమిటతో కళ్లు తుడుచుకుంది.

“ప్రభువంటే ఇంత ప్రేమ దాచుకున్నారా అండీ! అందులో ఆవగింజంత నా మీద చూపించినా, గోడతో కాపురం చేసినట్టుండేది కాదు కదా.”

ఆమె తీసిన హెడ్‌ఫోన్స్ అందుకుని వైరు చుట్టబెట్టాను.

“కవర్ మీద ఏమని వేయమంటారండీ?” అన్నాడు రికార్డింగ్ చేసినాయన.

“క్రైస్తవ గీతాలని వేయండి. ఈయన దగ్గర ఇంకేం ఉంటాయి?” అంది సంపూర్ణ.

“అలాగే వేయండి” అన్నాను.

తిరుగు బస్సులో ఆమె నా పాటే కూనిరాగం తీసింది. ‘నీవు’ అన్నచోటల్లా ‘యేసూ’ అని మార్చుకుంది. బస్సు దిగాక బియ్యం కొట్టుకు వెళ్లి పాతిక కిలోల బస్తా తెచ్చుకున్నాం.