గండి కొట్టినవాడు

"ఈ చొక్కా కాస్త లోపలికి పట్టి కుట్టాలమ్మా. నేను తగ్గిపోయాను, ఇది తగ్గలేదు."

ముసలాయన చొక్కాను బల్లమీద పెట్టాడు. టైలరమ్మకు నవ్వొచ్చింది.

"కొత్తగా వచ్చారా బాబాయ్‌గారూ?"

"పిండిమర వెనక గదిలో దిగాను. నీకో అమ్మాయి ఉండాలి కదూ?"

"ఉంది. మెరక మీద బళ్ళో టీచరు. మీకెలా తెలుసు?"

"టీచరా! మంచిది, చాలా మంచిది" అన్నాడు. సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు.

ఆయన అలా మలుపు తిరిగాడో లేదో, పిండిమర ఓనరు రొప్పుతూ వచ్చాడు.

"అక్కా, ఇప్పుడు నీతో మాట్లాడిందెవరో తెలుసా? లస్కరు! గది ఇచ్చేటప్పుడు నాకూ తెలీదు. ఇందాకే మా నాన్న గుర్తుపట్టాడు."

టైలరమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఆ శివారును కాలువ రెండుగా చీల్చింది. అటు మెరక, ఇటు పల్లం. మెరక మీది మేడలకు మట్టి తవ్వి ఇటుకలు కోశారు. ఆ గుంతల్లోనే, ఇటుకలు కోసినవాళ్ళ రేకుల ఇళ్ళతో పల్లం వెలిసింది. మేడలు అటు, జనం ఇటు.

ఇరవై ఏళ్ళ కిందట కాలువ పొంగింది. పల్లంవాళ్ళు పిల్లల్నీ ఆడవాళ్ళనూ మెరక మీది బడికి చేర్చారు. కాసేపటికి పల్లం వైపు గట్టు తెగింది. మెరక నిలిచింది, పల్లం మునిగింది. సామాన్ల కోసం వెనకబడినవాళ్ళు తిరిగి రాలేదు. టైలరమ్మ భర్త కూడా రాలేదు.

గట్టు దానంతటది తెగలేదని తర్వాత తేలింది. కాలువ షట్టర్లు ఎత్తి దించే లస్కరు, "గండి కొట్టింది నేనే" అని ఒప్పుకుని జైలుకు పోయాడు. మళ్ళీ ఈ వైపు ఎవరికీ కనబడలేదు.

"ఇన్నాళ్ళకు నా చేతికి చిక్కాడు" అంది టైలరమ్మ.

చొక్కా తీసుకుని ముందు కాలరు కత్తిరించింది. తర్వాత చేతులు. తర్వాత ఏది ఎక్కడిదో తెలియకుండా పీలికలు చేసింది.

సాయంత్రం ముసలాయన వచ్చేసరికి వీధంతా దుకాణం ముందే ఉంది.

"ఇదిగో నీ చొక్కా. సరిపోయిందేమో చూసుకో" అంటూ పీలికలు మొహాన కొట్టింది.

ఆయన వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

"నీ కోపంలో తప్పు లేదు తల్లీ."

"తల్లీ గిల్లీ అన్నావంటే పళ్ళు రాలతాయి! మా ఆయన శవం ఏ తుప్పల్లో దొరికిందో తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ ఏ మొహం పెట్టుకుని వచ్చావ్?"

"ఒక్కసారి చూసి పోదామని."

అప్పుడే బడి నుంచి వచ్చిన కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. "వదిలెయ్ అమ్మా. పెద్దాయన."

"నువ్వు నోర్ముయ్. నీకు నాన్న లేకుండా చేసింది వీడే."

ముసలాయన ఆ పిల్లను కళ్ళారా చూశాడు.

పిండిమర ఓనరు ఆయన చాప, సంచి తెచ్చి బురదలో పడేశాడు. వాన మొదలైంది. ముసలాయన టీకొట్టు చూరు కిందికి వెళ్ళబోతే, కొట్టువాడు బల్ల అడ్డం పెట్టాడు. ఒక్క ఇంటి తలుపూ తెరుచుకోలేదు.

టైలరమ్మ గొడుగు వేసుకుని ఆయన వెనకాలే నడిచింది. తాను తడవకుండా, ఆయన నిలువునా తడుస్తుంటే చూస్తూ, వంతెన దాటేదాకా వదల్లేదు.

"మళ్ళీ ఇటు అడుగు పెట్టావో, ఈ కాలువలోనే తోస్తాను."

ఇంటికొచ్చి కడుపునిండా తింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆదమరిచి నిద్రపోయింది.

నెల తిరక్కుండానే, ఎప్పుడూ పల్లంలోకి దిగని, మెరక బడి పాత హెడ్‌మిస్ట్రెస్ కర్ర పొడుచుకుంటూ దుకాణానికి వచ్చింది.

"లస్కరు పోయాడమ్మా. మీరు తరిమేశాక మా వరండా గదిలోనే ఉన్నాడు. వానలో తడిసి పట్టుకున్న జ్వరం, ఇక వదల్లేదు."

"పీడ విరగడైంది" అంది టైలరమ్మ మిషన్ ఆపకుండా.

"అతనికి మాటిచ్చి ఇరవై ఏళ్ళు నోరు కట్టుకున్నాను. ఇక నావల్ల కాదు. ఆ మిషన్ ఆపు."

టైలరమ్మ ఆపింది.

"ఆ రోజు నీళ్ళు బడి మెట్లెక్కాయి. లోపల పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. నీ కూతురు కిటికీ ఊచలు పట్టుకుని ఏడుస్తోంది. అవతలి గట్టు తెగితేనే పిల్లలు దక్కుతారని నలుగురూ అంటున్నారు. లస్కరు ఒప్పుకోలేదు. పల్లంలో ఇంకా మనుషులున్నారేమో చూసొస్తాను, అందాకా గట్టు ముట్టుకోవద్దని చెప్పి పరిగెత్తాడు. అతను తిరిగొచ్చేలోపే గండి పడిపోయింది."

"అంటే? కొట్టింది వాడు కాదా?"

"కాదు."

టైలరమ్మ లేచి నిలబడింది. మొహం జేవురించింది.

"ఎవడో చెప్పండి మేడమ్. వాణ్ణి వాడి ఇంటికెళ్ళి నిలదీస్తాను. వాడి పెళ్ళాం పిల్లల్ని కూడా ఈ పల్లంలో ఉండనివ్వను."

హెడ్‌మిస్ట్రెస్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"పల్లంవాళ్ళు సరిగ్గా ఇదే మాటంటారని తెలిసేనమ్మా, కూతురి ఏడుపు విని ఆగలేక పలుగందుకుని ఆ నీళ్ళలోనే కొట్టుకుపోయిన మీ ఆయన పేరు బయటికి రానివ్వకుండా, లస్కరు ఆ నేరం తన నెత్తిన వేసుకున్నాడు."